చేతులు పట్టుకుని ఆడే వరుసల నుంచి జోడీల దాకా: పశ్చిమ యూరప్‌లో జనం ఆడిన డ్యాన్సులు

బందరు_వాణి (షెఫీల్డ్)

అందరికీ నమస్కారం. పోయిన శనివారం మా పక్కింటి పెద్దావిడ నన్నూ మా ఆయన్నీ దగ్గరలోని ఒక ఊరి హాలుకి తీసుకెళ్ళింది. అక్కడ జరిగే డ్యాన్స్ వేడుకని ఇక్కడ కేలీ అంటారు. ఒక ఫిడేలు, ఒక అకార్డియన్, ఒక డ్రమ్ము. స్టేజి మీద ఒకాయన మైకు పట్టుకుని తర్వాత ఏం చేయాలో ముందే చెబుతుంటాడు. ఆయన్ని కాలర్ అంటారట.

మగవాళ్ళు ఒక వరుస, ఎదురుగా ఆడవాళ్ళు ఒక వరుస. రెండేసి జంటలు చేతులు కలిపి గుండ్రంగా తిరగాలి, చోట్లు మారాలి, మళ్ళీ మన చోటుకి రావాలి. అది పూర్తయ్యేసరికి మా జంట ఒక స్థానం కిందికి జరిగింది, ఎదురుగా కొత్త జంట. మళ్ళీ మొదటి నుంచి. పది నిమిషాల్లో ఆ వరుసలో ఉన్న ప్రతి ఒక్కరి చేయీ పట్టుకున్నాను. పన్నెండేళ్ళ పిల్లాడు ఉన్నాడు, ఎనభై దాటిన తాతగారూ ఉన్నారు. ఈ ప్రాంతంలో ఆరేళ్ళుగా ఉంటున్నాను. ఇంతమంది నా మొహంలోకి చూసి నవ్వింది ఆ ఒక్క రాత్రే.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఇంగ్లీషువాళ్ళ డ్యాన్స్ అంటే నాకు తెలిసింది సినిమాల్లో చూసిన వాల్ట్జ్. ఒక మగ, ఒక ఆడ, మిగతా లోకంతో పనిలేదు. మరి వచ్చినవాళ్ళందరికీ చోటు ఉండే ఈ ఆట ఎప్పటిది? అది ఎప్పుడు, ఎందుకు జోడీల ఆటగా మారింది? తెలిసినవాళ్ళు చెప్పండి.

---

పాతపటాలు (హైదరాబాద్)

వాణి గారూ, నేనైతే దీన్ని ఇటలీలో, సియెనాలోని ఒక గోడ దగ్గర మొదలుపెడతాను. అక్కడి నగర పాలక భవనంలో ఆంబ్రోజియో లొరెంజెట్టి 1338, 1339 ప్రాంతంలో వేసిన పెద్ద గోడచిత్రం ఉంది. పరిపాలన బాగుంటే ఊరు ఎలా ఉంటుందో అందులో చూపించాడు. దుకాణాలు తెరిచి ఉన్నాయి, గాడిదలు బరువులు మోస్తున్నాయి, మేస్త్రీలు పైన ఇల్లు కడుతున్నారు. వీటన్నిటి మధ్య, నడివీధిలో తొమ్మిది మంది చేతులు పట్టుకుని గొలుసులా ఆడుతున్నారు. ఇద్దరు చేతులెత్తి వంతెన కడితే మిగతావాళ్ళు దాని కింద నుంచి దూరుతున్నారు. మధ్యలో ఒకరు కంజీర లాంటిది వాయిస్తూ పాడుతున్నారు. ఊరు క్షేమంగా ఉందని చెప్పడానికి ఆ చిత్రకారుడికి ఈ ఆట గుర్తొచ్చింది చూడండి, ఆ బొమ్మలో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

ఫ్రెంచివాళ్ళు కారోల్ అన్నది కూడా ఇలాంటిదే. 12, 13 శతాబ్దాల కథల్లో ఎక్కడ పండగ జరిగినా అది కనిపిస్తుంది. ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు పల్లవి అందుకుంటారు. వాయిద్యాలు లేకపోయినా సాగిపోతుంది. చర్చి ఆవరణల్లో, సమాధుల దగ్గర ఆడొద్దని మతపెద్దలు పదే పదే నిషేధాలు పెట్టారు. పదే పదే పెట్టాల్సి వచ్చిందంటే జనం మానలేదనే కదా.

అదే సమయంలో రాజాస్థానాల డ్యాన్స్ వేరే దారి పట్టింది. 15వ శతాబ్దం నడిమికి ఇటలీలో డొమెనికో ద పియాచెంజా అనే గురువు డ్యాన్స్‌కి శాస్త్రం రాయించాడు. ఆయన శిష్యుడు గుల్యెల్మో ఎబ్రెయో యూదుడు. 1463లో తనూ ఒక గ్రంథం రాశాడు. బర్గండీ ఆస్థానానికి చెందిన బాస్ డాన్స్ పుస్తకం ఒకటి బ్రస్సెల్స్‌లో ఉంది. నల్లరంగు వేసిన ఆకుల మీద వెండి, బంగారు అక్షరాలు. ఆ డ్యాన్స్‌లో గెంతులు ఉండవు, నెమ్మదిగా నేల మీద జారే అడుగులే. జంటలు ఒకరి వెనక ఒకరు నడుస్తారు. కాబట్టి జోడీ అనేది వాల్ట్జ్‌తో పుట్టలేదు. కాకపోతే అప్పటి జోడీ పక్కపక్కన నిలబడి, చేతి వేళ్ళు మాత్రమే తాకించుకునేది.

---

కొత్తగా_చేరా

చాలా బాగుంది సార్. ఒక సందేహం. అప్పుడు వీడియోలు లేవు కదా, ఏ అడుగు ఎలా వేసేవాళ్ళో మనకెలా తెలుసు?

---

పాతపటాలు (హైదరాబాద్)

మంచి ప్రశ్న తమ్ముడూ. పల్లెలో ఆడుకునే డ్యాన్సుల విషయంలో మనం ఎక్కువగా రుణపడింది ఒక ముసలి మతగురువుకి. తూర్పు ఫ్రాన్స్‌లోని లాంగ్ర్ ఊళ్ళో జెహాన్ తబూరో అనే ఆయన ఉండేవాడు. తన పేరులోని అక్షరాలనే అటూ ఇటూ మార్చి త్వానో ఆర్బో అని కలం పేరు పెట్టుకుని, 1589లో డ్యాన్స్ మీద ఒక పుస్తకం అచ్చు వేయించాడు. అప్పటికి ఆయనకి డెబ్బై దగ్గర పడింది.

పుస్తకమంతా గురుశిష్యుల సంభాషణ. శిష్యుడు కాప్రియోల్ లా చదివిన కుర్రాడు. చదువైతే వచ్చింది గానీ ఆడవాళ్ళ ముందు ఎలా మెలగాలో తెలియక గురువు దగ్గరకొస్తాడు. ఆర్బో చేసిన గొప్ప పని ఏమిటంటే, స్వరాలని పేజీలో పైనుంచి కిందికి అచ్చు వేయించి, ఒక్కో స్వరానికి ఎదురుగా ఆ క్షణంలో వేయాల్సిన అడుగు పేరు రాశాడు. అందుకే నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ పుస్తకం ముందు పెట్టుకుని డ్యాన్స్ ఆడొచ్చు, ఇవాళ ఆడుతున్నారు కూడా.

అందులో ఎక్కువగా ఉన్నవి బ్రాన్‌ల్ అనే గుంపు డ్యాన్సులు. చేతులు పట్టుకుని గుండ్రంగా, ఎడమకి ఎక్కువ, కుడికి తక్కువ జరుగుతూ పోవాలి. ఏ వయసు వాళ్ళకి తగ్గది వాళ్ళకి ఉంది. పెద్దవాళ్ళు నెమ్మదిగా డబుల్, సింపుల్ అనే బ్రాన్‌ల్‌లు ఆడతారు, కొత్తగా పెళ్ళైనవాళ్ళు హుషారైనది, అందరికన్నా చిన్నవాళ్ళు బర్గండీ బ్రాన్‌ల్. ఒకే పండగలో అందరి వంతూ వస్తుందన్నమాట. పారిస్‌లో సేన్ నది ఒడ్డున బట్టలు ఉతికే ఆడవాళ్ళ పేరుతోనూ ఒకటి ఉంది. బట్టని బండకేసి కొట్టిన చప్పుడు వచ్చేలా చప్పట్లు కొట్టాలి. గుర్రాల బ్రాన్‌ల్‌లో కాలితో నేలని తట్టాలి. రేవు శబ్దాన్ని డ్యాన్స్‌లోకి తెచ్చుకున్న జనమంటే నాకు ఏదో దగ్గరతనం అనిపిస్తుంది.

వోల్టా గురించి కూడా ఆయన రాశాడు. మగవాడు ఆడమనిషిని దగ్గరగా పట్టుకుని, తొడ ఆసరాగా పైకి ఎత్తి తిప్పే డ్యాన్స్ అది. ఎలా ఆడాలో పూర్తిగా నేర్పి, కళ్ళు తిరుగుతాయని హెచ్చరించి, ఇది ఆడపిల్ల మర్యాదకి తగినదో కాదో నువ్వే ఆలోచించుకో అంటాడు శిష్యుడితో. వాల్ట్జ్ మీద గొడవ రావడానికి రెండు వందల ఏళ్ళకి పైగా ముందే ఆ వాదన మొదలైందని గమనించండి.

---

అరకు_కిరణ్ (విశాఖ)

గుండ్రంగా ఆడటం అనగానే మా థింసా గుర్తొచ్చింది. వీపుల వెనక నుంచి చేతులు అల్లుకుని ఆడవాళ్ళు ఒకే గొలుసులా కదులుతారు. పక్కమనిషి అడుగు తప్పితే మన భుజానికి తెలిసిపోతుంది. కొత్తవాళ్ళు కూడా నాలుగు చుట్లలో పట్టేస్తారు. ఎవరూ పనిగట్టుకుని నేర్పరు, గొలుసే నేర్పుతుంది.

---

సెల్టిక్_సముద్రం (నాంత్, ఫ్రాన్స్)

కిరణ్ గారు చెప్పినది బ్రిటనీలో ఇప్పటికీ చూడొచ్చు. పక్కవాళ్ళ చిటికెన వేలు పట్టుకుని వందల మంది ఒకే గొలుసుగా ఆడతారు. ఒక గాయకుడు చరణం ముగించే మాటల దగ్గర రెండోవాడు గొంతు కలిపి, ఆ చరణాన్ని మళ్ళీ పాడతాడు. పాట ఎక్కడా తెగదు. ఒకప్పుడు కొత్త ఇంటి మట్టినేల, కళ్ళం నేల గట్టిపడటానికి కూడా ఇలా అందరినీ పిలిచి ఆడించేవారు. మన దగ్గర దిమ్మిస కొట్టే పనిని వాళ్ళు కాళ్ళతో, పాటతో చేశారు. పొలం పనుల్లోకి యంత్రాలు వచ్చాక ఈ ఆటలు దాదాపు ఆగిపోయాయి. 1950లలో లోయెజ్ రోపార్స్ అనే ఆయన వీటిని హాళ్ళలో సాయంత్రపు వేడుకగా మళ్ళీ నిలబెట్టాడు. ఫెస్ట్ నోజ్ అంటారు, రాత్రి పండగ అని అర్థం. 2012లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. మా అమ్మాయికి నడక వచ్చిన ఏడాదే అక్కడ డ్యాన్స్ కూడా వచ్చింది.

---

లాయరు_మూర్తి (గుంటూరు)

వాణి గారు ఆడిన రెండు వరుసల డ్యాన్స్ గురించి నాకు తెలిసింది చెబుతాను. అది మా వృత్తికి బాగా దగ్గర విషయం.

లండన్‌లో న్యాయవాదులు చదువుకుని, నివసించే ఆవరణలని ఇన్స్ ఆఫ్ కోర్ట్ అంటారు. అక్కడ డ్యాన్స్ అంటే సరదా వ్యవహారం కాదు, కట్టుబాటు. ఇంగ్లండు రాజు జేమ్స్ 1 కాలంలో, వాటిలో ఒకటైన లింకన్స్ ఇన్‌లో జడ్జీలు వచ్చిన పండగ రోజున జూనియర్ బారిస్టర్లు డ్యాన్స్ చేయలేదని వాళ్ళలో పదిమందికి ఒకరి చొప్పున భోజనశాల నుంచి వెలివేశారు.

అలాంటి ఆవరణల్లో ఒకటైన ఇన్నర్ టెంపుల్‌లో, చర్చి తలుపు పక్కన జాన్ ప్లేఫర్డ్‌కి పుస్తకాల దుకాణం ఉండేది. 1651లో ఆయన ఇంగ్లీష్ డ్యాన్సింగ్ మాస్టర్ అని ఒక పుస్తకం వేశాడు. నూటికి పైగా కంట్రీ డ్యాన్సులు, ఒక్కోదానికి ట్యూన్, కింద ఎలా ఆడాలో నాలుగైదు వరుసల్లో వివరం. గుండ్రంగా ఆడేవి, నాలుగు జంటలు చతురస్రంగా ఆడేవి, రెండు వరుసలుగా ఆడేవి, అన్నీ ఉన్నాయి. కొన్నిటి తల మీద 'ఎంతమంది వస్తే అంతమంది' అని ఉంటుంది. వాణి గారు అడిగిన 'వచ్చినవాళ్ళందరికీ చోటు' అన్నది అచ్చులో అదిగో అలా ఉంది. 1728 ప్రాంతం వరకు ఆ పుస్తకం 18 కూర్పులు వచ్చింది. కూర్పు మారేకొద్దీ గుండ్రటివి, చతురస్రాలు తగ్గిపోయి చివరికి ఈ పొడుగు వరుసలవే మిగిలాయి.

సంవత్సరం చూశారా? రాజు చార్లెస్ 1 తలని పార్లమెంటువాళ్ళు నరికించిన రెండేళ్ళకి, మతనిష్ఠ ఎక్కువైన ప్యూరిటన్ల పాలనలో ఈ పుస్తకం వచ్చింది. నాటకశాలలు 1642 నుంచీ మూసే ఉన్నాయి. అయినా ఇళ్ళల్లో డ్యాన్స్ ఆగలేదు. 1657లో, అప్పుడు దేశాన్ని ఏలుతున్న క్రామ్‌వెల్ సొంత కూతురు ఫ్రాన్సెస్ పెళ్ళిలో 48 వయొలిన్లు మోగాయని, ఆడామగా కలిసి తెల్లవారుజామున 5 గంటల దాకా ఆడారని అప్పటివాళ్ళు ఉత్తరాల్లో రాసుకున్నారు.

---

సుధ_లీత్ (ఎడిన్‌బరో)

మూర్తి గారూ, వివరాలకి ధన్యవాదాలు. కానీ ఒక్క విషయంలో మీతో విభేదిస్తున్నాను. 'అందరికీ చోటు' అనేసి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. ఎవరి చోటు ఎక్కడ అన్నది ముఖ్యం.

ఫ్రాన్స్‌లో 14వ లూయీ కాలం చూడండి. 1661లో రాజే డ్యాన్స్ అకాడమీ పెట్టించాడు. ఆయన ఆస్థానంలో మినుయెట్ లాంటివి ఒక్కసారికి ఒక్క జంటే ఆడేది. హోదా ప్రకారం వంతులు. మిగతా సభంతా కూర్చునో నిలబడో చూడాలి. ఒక్క అడుగు తప్పితే రాజధాని అంతా తెలిసిపోతుంది. ఆ టెన్షన్ ఊహించండి! 1700లో ఫ్యూయే అనే గురువు అడుగులని కాగితం మీద గీతలుగా రాసే పద్ధతి అచ్చు వేశాక, పారిస్ కొత్త డ్యాన్స్ యూరప్ నలుమూలలా ఉన్న గురువులు ఇంట్లో కూర్చునే నేర్చుకోగలిగారు.

18వ శతాబ్దంలో ఇంగ్లండులోని బాత్ నగరంలో బో నాష్ అనే ఆయన నడిపిన డ్యాన్స్ సభల్లో ఆ రెండు పద్ధతులూ ఒకే రాత్రి కనిపిస్తాయి. 6 గంటలకి మొదలు. 8 దాకా మినుయెట్లు, పెద్ద హోదా వాళ్ళ జంటలు ఒక్కొక్కటిగా. ఆ తర్వాతే అందరూ కలిసి కంట్రీ డ్యాన్సులు. 9కి టీ. 11 కొట్టగానే సంగీతం ఆగాలి. రాజు గారి కూతురు అమీలియా ఇంకొక్క డ్యాన్స్ అని అడిగినా నాష్ ఒప్పుకోలేదు. కత్తులు బయట పెట్టి రమ్మన్నదీ ఆయనే. కానీ కంట్రీ డ్యాన్సుల్లో కూడా వరుసకి పై కొసన ఎవరు నిలబడాలన్న దానిమీద పట్టింపులు ఉండేవి. ఏ డ్యాన్స్ ఆడాలో చెప్పే హక్కు పై జంటది. తర్వాతి కాలంలో కొన్ని హాళ్ళలో ఆ తగాదాలు తప్పించడానికి నెంబర్ల టికెట్లు ఇచ్చేవారు.

---

బందరు_వాణి (షెఫీల్డ్)

సుధ గారూ, మీరు చెప్పింది నిజమే. కానీ ఆడినదాన్నిగా ఒకటి చెబుతాను. పై జంట పైనే ఉండిపోదు. ఒక్కో విడతకి ఒక్కో మెట్టు కిందికి దిగుతూ ఆఖరి దాకా వస్తుంది, కింద ఉన్నవాళ్ళు పైకి వెళ్తారు. డచెస్ అయినా సరే దారిలో అందరి చేతులూ పట్టుకోక తప్పదు. ఆ ఏర్పాటు ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ళకి దండం పెట్టాలనిపిస్తోంది.

మరి దీన్ని వాల్ట్జ్ ఎలా పక్కకి నెట్టింది?

---

మ్యూనిక్_ప్రసాద్

వాల్ట్జ్ ఆస్థానాల్లో పుట్టలేదండీ. మా బవేరియా, ఆస్ట్రియా పల్లెల్లో జంటగా గిరగిరా తిరిగే డ్యాన్సులు చాలాకాలం నుంచీ ఉన్నాయి. లెండ్లర్ అందులో ఒకటి. 18వ శతాబ్దం చివరికి అది నగరాలకి ఎక్కింది. వియన్నాలో పెద్ద పెద్ద పబ్లిక్ హాళ్ళు వచ్చాయి. 1808లో తెరిచిన అపోలో హాలు వాటిలో పేరున్నది. టికెట్ కొనుక్కున్న ఎవరైనా లోపలికి రావచ్చు.

ఇక్కడే మీ 'ఎందుకు' కి నా జవాబు ఉంది. వరుస డ్యాన్స్‌కి ఆకారాలు గుర్తుండాలి, పక్కవాళ్ళకీ అవే తెలిసి ఉండాలి. అంటే ఒక ఊరివాళ్ళో, ఒకే గురువు దగ్గర నేర్చుకున్నవాళ్ళో అయి ఉండాలి. వాల్ట్జ్‌కి ఒక్క అడుగుల వరస, ఒక్క తోడు చాలు. వేల మంది పరాయివాళ్ళతో నిండిన నగరపు హాలుకి అది సరిగ్గా సరిపోయింది. నగరాలు పెరిగినకొద్దీ జోడీ గెలిచిందని నేను నమ్ముతాను.

గొడవ మాత్రం బాగా జరిగింది. 1816లో లండన్‌లో రాజప్రతినిధి ఇచ్చిన విందులో వాల్ట్జ్ ఆడితే టైమ్స్ పత్రిక మండిపడింది. ఇది అసభ్యం, తల్లిదండ్రులు తమ కూతుళ్ళని దీనికి దూరంగా ఉంచాలి అని రాసింది. కారణం తిరగడం కాదు, పట్టుకోవడం. మొహానికి మొహం, నడుం మీద చేయి, పైగా జంట చూపు బయటివాళ్ళ మీద ఉండదు.

అయినా వరుసలు, చతురస్రాలు ఒక్కసారిగా పోలేదు. 19వ శతాబ్దమంతా ఒకే రాత్రి వాల్ట్జ్, 1844లో పారిస్‌ని ఊపేసిన పోల్కా, నాలుగు జంటలు ఆడే క్వాడ్రిల్ అన్నీ ఉండేవి. ఇంకోటి, జోడీ అంటే రాత్రంతా ఒకరితోనే అని కాదు. ఆడవాళ్ళ దగ్గర చిన్న కార్డు ఉండేది, ఏ డ్యాన్స్ ఎవరితోనో అందులో రాసుకునేవారు. ఒకరితోనే పదే పదే ఆడితే జనం చెవులు కొరుక్కునేవారు.

---

గాల్వే_నర్సు

క్వాడ్రిల్ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఐర్లండ్‌లో పల్లెటూళ్ళ వంటిళ్ళలో ఆడే సెట్ డ్యాన్సులకి మూలం అదే. 19వ శతాబ్దంలో సైనికులు, ఊరూరా తిరిగే డ్యాన్స్ మాస్టర్లు క్వాడ్రిల్‌ని తెచ్చారు. నాలుగు జంటలు, ఆకారాలు అలాగే ఉంచుకుని, అడుగులు మాత్రం రీల్, జిగ్, పోల్కా లాంటి తమవి పెట్టుకున్నారు. క్లేర్‌లో ఒక తీరు, కెర్రీలో ఇంకో తీరు.

బాధ కలిగించేది తర్వాత జరిగింది. ఐరిష్ భాష కోసం పనిచేసిన గేలిక్ లీగ్ ఈ సెట్లని పరాయివని పక్కన పెట్టింది. ఐరిష్ కేలీ అని మొదటిసారి పేరు పెట్టి వేడుక జరిపింది కూడా ఆ లీగే, 1897లో, అదీ లండన్‌లో! జనం తరతరాలుగా తమ కాళ్ళతో సొంతం చేసుకున్నదాన్ని 'మనది కాదు' అనడం అన్యాయమని నా అభిప్రాయం.

ఆ తర్వాత చర్చి, ప్రభుత్వం. లీట్రిమ్ జిల్లాలో జిమ్మీ గ్రాల్టన్ అనే కమ్యూనిస్టు తన పల్లెలో ఒక హాలు కట్టి డ్యాన్సులు, చదువులు నడిపాడు. మతగురువులు పడనివ్వలేదు. 1933లో ఆయన్ని అమెరికాకి పంపేశారు, పుట్టింది ఐర్లండ్‌లోనే అయినా. 1934 జనవరి 1న అదే జిల్లాలో మోహిల్ ఊళ్ళో జాజ్‌కి వ్యతిరేకంగా పెద్ద ఊరేగింపు. 1935లో పబ్లిక్ డ్యాన్స్ హాళ్ళ చట్టం వచ్చింది. కోర్టు లైసెన్స్ లేకుండా డ్యాన్స్ నడపకూడదు. చట్టం రాసింది పబ్లిక్ హాళ్ళ గురించే. కానీ పోలీసులు, ఫాదర్లు దాన్ని ఇళ్ళలో జరిగే డ్యాన్సుల మీద కూడా ప్రయోగించారు.

నేను డ్యూటీ చేసే వార్డులో ఒక పెద్దావిడ ఉండేవారు. వంటింట్లో బల్ల, కుర్చీలు బయట పెట్టి, పొయ్యి ఉన్న గోడ వైపు ఒక జంట, తలుపు వైపు ఒక జంట నిలబడి ఎలా మొదలుపెట్టేవారో మంచం మీద చేతివేళ్ళతో ఆడి చూపించేవారు. మా అమ్మమ్మ కోలాటం పాటలు చెప్పినప్పుడు ఆమె కళ్ళల్లో ఉండే వెలుగే ఆవిడ కళ్ళల్లోనూ చూశాను.

---

సెల్టిక్_సముద్రం (నాంత్, ఫ్రాన్స్)

నర్సు గారి పోస్టు చదివి ఒకటి కలుపుతున్నాను. ఫ్రాన్స్‌లో 1940 నుంచి యుద్ధం ఆఖరి దాకా పబ్లిక్ డ్యాన్సులు నిషేధం. కుర్రకారు కొట్టాల్లో, ఖాళీ ఇళ్ళలో అకార్డియన్ పెట్టుకుని దొంగచాటుగా ఆడేవారు.

అకార్డియన్ అంటే పారిస్‌లోని లాప్ వీధి చెప్పకుండా ఉండలేను. ఓవెర్న్ కొండల నుంచి బొగ్గు, నీళ్ళు మోయడానికి వచ్చినవాళ్ళు తమ తిత్తివాయిద్యంతో అక్కడ కెఫేల్లో ఆడుకునేవారు. ఇటలీ నుంచి వచ్చిన కూలీలు అకార్డియన్ తెచ్చారు. మొదట పోటీ, తర్వాత పొత్తు. తిత్తి వాయించే బుస్కాతెల్, అకార్డియన్ వాయించే పెగురీ కలిసి వాయించారు, పెగురీ ఆయనకి అల్లుడు కూడా అయ్యాడు. ఒక్కో డ్యాన్స్‌కి ఒక్కో బిళ్ళ. పాట మధ్యలో ఆపి 'డబ్బులివ్వండి' అని అరిచి, అందరి దగ్గరా వసూలు చేశాకే మిగతా సగం వాయించేవారు.

---

పాతపటాలు (హైదరాబాద్)

ఇంగ్లండులో జోడీ డ్యాన్స్ కార్మికులకి అందింది మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత. 1919లో లండన్‌లో హామర్‌స్మిత్ పాలే అనే పెద్ద డ్యాన్స్ హాలు తెరిచారు. అమెరికా నుంచి వచ్చిన జాజ్ బ్యాండు అక్కడ వాయించింది. టైపిస్టులు, షాపు అమ్మాయిలు, ఫ్యాక్టరీ కుర్రాళ్ళు టికెట్ కొనుక్కుని వచ్చేవారు. తోడు లేకుండా వచ్చినవాళ్ళు ఆరు పెన్నీలు ఇస్తే ఒక డ్యాన్స్‌కి హాలు వాళ్ళే పార్ట్‌నర్‌ని ఇచ్చేవారు. ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు ఆడుతున్నారని 1920 నుంచి టీచర్లు సమావేశాలు పెట్టి అడుగులు ఖాయం చేశారు. 1922లో ప్రపంచ ఛాంపియన్ అయిన విక్టర్ సిల్వెస్టర్ తర్వాత సొంత ఆర్కెస్ట్రా పెట్టి, వేగం ఏమాత్రం మారని రికార్డులు చేశాడు. ఆ రికార్డు పెట్టుకుంటే ఇంట్లోనే ప్రాక్టీస్ చేయొచ్చు.

వాణి గారూ, మీరు ఆడినది మాత్రం ప్లేఫర్డ్ కాలం నుంచి తెగకుండా వచ్చిందని అనుకోకండి. సెసిల్ షార్ప్ అనే సంగీతం మాస్టారు 1899లో క్రిస్మస్ మర్నాడు ఆక్స్‌ఫర్డ్ దగ్గర మోరిస్ అనే పల్లె డ్యాన్స్ చూసి కదిలిపోయాడు. తర్వాత పల్లెలు తిరిగి డ్యాన్సులు రాసుకున్నాడు, ప్లేఫర్డ్ పుస్తకం తీసి మళ్ళీ ఆడించాడు. 1911లో దానికోసం సంఘం పెట్టాడు. ఆయన రాతల్లో తప్పులు ఉన్నాయని తర్వాతివాళ్ళు చూపించారు. అయినా ఆ పని జరగకపోతే మీ ఊరి హాలు ఆ రాత్రి ఖాళీగా ఉండేదేమో.

---

బందరు_వాణి (షెఫీల్డ్)

ఇవన్నీ చదివాక నిన్న మళ్ళీ వెళ్ళాను. మధ్యలో టీ ఇచ్చినప్పుడు, ఎనభై దాటిన ఆ తాతగారి పక్కన కూర్చుని మీరు చెప్పిన పాలేల గురించి అడిగాను. కుర్రతనంలో శనివారం వస్తే షెఫీల్డ్‌లో డ్యాన్స్ హాలుకే వెళ్ళేవారట. క్విక్‌స్టెప్ అనే జోడీ డ్యాన్స్ బాగా వచ్చట. వాళ్ళావిడ పరిచయమైంది అక్కడే. ఆమెతో యాభై ఏళ్ళకి పైగా ఆడారు.

మరి ఈ వరుస డ్యాన్సులు ఎప్పుడు నేర్చుకున్నారని అడిగాను. ఆమె పోయిన ఏడాది తర్వాత అన్నారు. "క్విక్‌స్టెప్‌కి ఒక మనిషి కావాలమ్మా, దీనికైతే ఒక్కడినే వచ్చినా వరుసలో నిలబడితే చాలు" అన్నారు. ఈలోపు ఫిడేలు శ్రుతి చేయడం మొదలైంది. ఆయన కప్పు కింద పెట్టి చేయి చాచారు, మా ఆయన్ని పక్కింటి ఆవిడకి జంటగా అప్పగించి నేను ఆయనతో వెళ్ళి వరుసలో నిలబడ్డాను.